గేమ్ డేటాబేస్‌ల నుంచి చెస్ ఓపెనింగ్ బుక్ తయారు చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పీజీఎన్ ఫైళ్ళ (చెస్ గేములు టెక్స్ట్‌గా రాసి ఉంచేవి) నుంచి ఇంజిన్‌కి (చెస్ ఆడే ప్రోగ్రామ్) ఓపెనింగ్ బుక్, అంటే గేమ్ మొదట్లో ఏ మూవ్‌లు ఆడాలో చెప్పే ఫైల్, చేసుకునేవాళ్ళకి ఇంచుమించు అవే డౌట్లు, అవే చోట్ల వస్తుంటాయి. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టా. వరసగా చదవక్కర్లేదు, మీకు ఎక్కడ ఆగిపోయిందో ఆ ప్రశ్న చూసుకుంటే చాలు. ఎక్కువగా పాలీగ్లాట్ బుక్ ఫార్మాట్ (దాన్ని తయారుచేసే టూల్ పేరూ అదే) గురించే ఉంటుంది, ఫ్రీగా దొరికే టూల్స్‌లో చాలావరకు దాన్నే చదువుతాయి కాబట్టి.

## మొదలుపెట్టే ముందు

ఇప్పుడున్న ఇంజిన్లకి అసలు ఓపెనింగ్ బుక్ అవసరమా?

బలం కోసమే అయితే పెద్ద ఇంజిన్లకి అంత అవసరం లేదు. 2020లో స్టాక్‌ఫిష్ 12తో ఎన్‌ఎన్‌యూఈ (పొజిషన్‌ని అంచనా వేసే న్యూరల్ నెట్‌వర్క్) వచ్చిన దగ్గర్నుంచి ఓపెనింగ్ కూడా సొంతంగానే బాగా ఆడేస్తోంది, ఇప్పటి స్టాక్‌ఫిష్‌లో బుక్ చదివే ఆప్షనే లేదు, ఆ పని జీయూఐ (బోర్డు చూపించి ఇంజిన్‌ని నడిపే ప్రోగ్రామ్) చూసుకోవాలి. కానీ బుక్ లేకపోతే ఇంజిన్ ఒకటే లైన్ పట్టుకుని ప్రతి గేమూ అలాగే మొదలుపెడుతుంది, వెరైటీ ఉండదు, పైగా మొదటి పది మూవ్‌లకే క్లాక్ ఖర్చవుతుంది. మీరు సొంతంగా రాసిన చిన్న ఇంజిన్ అయితే మాత్రం బుక్ ఉన్నదానికీ లేనిదానికీ తేడా బాగానే కనిపిస్తుంది.

బుక్ ఫైల్ లోపల ఏముంటుంది, గేములన్నీ ఉంటాయా?

గేములేవీ ఉండవు. పొజిషన్, అక్కడ ఆడే మూవ్, దానికి ఒక వెయిట్ (ఆ మూవ్‌ని ఎంత తరచుగా ఎంచుకోవాలో చెప్పే నంబర్), అంతే. పాలీగ్లాట్ ఫైల్‌లో ఒక్కో ఎంట్రీ 16 బైట్లు: పొజిషన్ కీ 8, మూవ్ 2, వెయిట్ 2, లెర్నింగ్ కోసం 4, ఈ చివరి నాలుగూ మామూలుగా సున్నాలే ఉంటాయి. ఎంట్రీలన్నీ కీ వరసలో సార్ట్ అయి ఉంటాయి కాబట్టి బైనరీ సెర్చ్‌తో వెంటనే దొరుకుతాయి. 10 లక్షల ఎంట్రీలున్నా ఫైల్ 16 ఎంబీ దగ్గరే ఆగుతుంది. లెక్క గేముల మీద కాకుండా పొజిషన్ల మీద నడుస్తుంది కాబట్టి ట్రాన్స్‌పొజిషన్లు వాటంతట అవే కలిసిపోతాయి, క్వీన్స్ పాన్‌తో మొదలెట్టినా ఇంగ్లీష్‌తో మొదలెట్టినా అదే పొజిషన్‌కి వస్తే అదే ఎంట్రీ.

ఇంజిన్ ఆడటానికి, ఇంజిన్ టెస్టింగ్‌కి, నేను ప్రాక్టీస్ చేసుకోవడానికి ఒకటే బుక్ వాడితే సరిపోదా?

సరిపోదు, ఇది ముందే తేల్చుకోకపోతే తర్వాత ఫిల్టర్లన్నీ మళ్ళీ మొదటి నుంచి చేసుకోవాలి. ఆడే బుక్ ఇరుగ్గా ఉండాలి, మంచి మూవ్‌లు రెండు మూడు చాలు. టెస్టింగ్ బుక్ వెడల్పుగా ఉండాలి, రకరకాల పొజిషన్లు రావాలి, ఇప్పుడు టాప్ ఇంజిన్ల మధ్య సమానమైన పొజిషన్ ఇస్తే దాదాపు అన్నీ డ్రా అవుతున్నాయి కాబట్టి కావాలనే ఒక వైపుకి కాస్త మొగ్గున్న ఓపెనింగ్స్ తీసుకుని రెండు రంగులతోనూ ఆడిస్తున్నారు, యూహెచ్‌ఓ అని పిలిచే బుక్‌లు అలాంటివే. ప్రాక్టీస్ బుక్ కథే వేరు, అందులో మీ రేటింగ్ వాళ్ళు నిజంగా ఆడే చెడ్డ మూవ్‌లు కూడా ఉండాలి, లేకపోతే మీరు దేనికి ప్రిపేర్ అవుతున్నట్టు?

## గేములు సేకరించడం

ఏ డేటాబేస్ తీసుకోమంటారు?

అందరికీ అందుబాటులో ఉన్నది ఆన్‌లైన్ చెస్ సైట్ లిచెస్ డేటాబేస్, 2013 జనవరి నుంచి నెలకో ఫైల్, సీసీ0 (ఏ షరతులూ లేని లైసెన్స్) కింద ఇచ్చారు కాబట్టి బుక్ చేసి ఎవరికైనా పంచుకోవచ్చు. టోర్నమెంట్ గేములు కావాలంటే మార్క్ క్రౌథర్ 1994 నుంచి నడుపుతున్న ది వీక్ ఇన్ చెస్ ఉంది, వారం వారం కొత్త గేములు వస్తాయి. ఇంజిన్ గేములకి సీసీఆర్‌ఎల్ (ఇంజిన్ల రేటింగ్ లిస్ట్), టీసెక్ (ఇంజిన్ల టోర్నమెంట్). నన్నడిగితే అందరూ పట్టించుకోనిది కరెస్పాండెన్స్ గేములు, వాటి అంతర్జాతీయ సంఘం ఐసీసీఎఫ్‌లో ఇంజిన్ సాయం తీసుకోవచ్చు, ఒక్కో మూవ్‌కి రోజుల తరబడి టైం ఉంటుంది, అందుకే అక్కడి ఓపెనింగ్స్‌లో చెత్త తక్కువ. సంఖ్య కూడా తక్కువే అనుకోండి.

లిచెస్ ఫైల్ అన్‌జిప్ చేస్తే డిస్క్ మొత్తం నిండిపోయింది, ఏం చేయాలి?

అసలు అన్‌జిప్ చేయకండి. ఈమధ్య నెలల ఫైళ్ళు కంప్రెస్ అయి ఉన్నా 30 జీబీ దరిదాపుల్లో ఉంటాయి, విప్పితే ఏడు రెట్లు అవుతుంది. జెడ్‌స్టాండర్డ్ టూల్‌తో విప్పుతూ ఆ వచ్చేదాన్ని పైప్‌లో నేరుగా మీ ఫిల్టర్ ప్రోగ్రామ్‌కి పంపండి, ఫిల్టర్ దాటిన గేములు మాత్రమే డిస్క్ మీద పడతాయి. ముందు హెడర్లు చూసి రేటింగ్, టైం కంట్రోల్ నచ్చకపోతే మూవ్‌లు పార్స్ చేయకుండా దాటేయండి, టైం అంతా తినేది మూవ్‌ల పార్సింగే.

రేటింగ్ కటాఫ్ ఎంత పెట్టాలి? గేములు ఎక్కువుంటే మంచిదే కదా?

ఎక్కువుంటే మంచిదని అందరూ అనుకుంటారు, బుక్‌లు పాడయ్యేది సరిగ్గా ఇక్కడే. స్టాఫర్డ్ గాంబిట్ చూడండి: 1. ఈ4 ఈ5 2. నైట్ ఎఫ్3 నైట్ ఎఫ్6 3. నైట్×ఈ5 నైట్ సి6 4. నైట్×సి6 డి×సి6. బ్లాక్ ఒక బంటు ఊరికే ఇచ్చేశాడు, ఇంజిన్‌ని అడిగితే వైట్‌దే స్పష్టంగా పైచేయి అంటుంది. కానీ 5. డి3 బిషప్ సి5 6. బిషప్ జి5 అని వైట్ మామూలుగా ఆడాడంటే 6... నైట్×ఈ4, క్వీన్ దొరికింది కదా అని 7. బిషప్×డి8 కొడితే బిషప్×ఎఫ్2 చెక్, 8. కింగ్ ఈ2, బిషప్ జి4 మేట్. తక్కువ రేటింగ్ బ్లిట్జ్‌లో ఈ ట్రాప్‌లో పడేవాళ్ళు బోలెడుమంది, దాంతో గణాంకాల్లో స్టాఫర్డ్ మెరిసిపోతుంది. డేటాబేస్ చెప్పేది జనం ఏం ఆడారో, ఎవరు గెలిచారో అంతవరకే, మూవ్ మంచిదో కాదో అది చెప్పదు. ఇంజిన్ ఆడే బుక్‌కైతే లిచెస్‌లో ఇద్దరికీ 2300 పైన, బ్లిట్జ్ కంటే వేగమైనవి తీసేసి మొదలుపెట్టండి. ఇద్దరికీ అని ఎందుకంటున్నానంటే ఒక్కరికే పెడితే 2500 వాడు 1800 వాడిని చితక్కొట్టిన గేములన్నీ లోపలికొచ్చేస్తాయి.

వైట్ బుక్ కోసం వైట్ గెలిచిన గేములు మాత్రమే తీసుకుంటే బలంగా ఉంటుందా?

ఉండదు, ఇంకా వీక్ అవుతుంది. గెలిచిన గేములే ఉంచితే ప్రతి మూవ్ వంద శాతం స్కోర్ చూపిస్తుంది, పనికిమాలిన గాంబిట్‌కీ పక్కా లైన్‌కీ తేడా తెలియదు. ఒక లైన్‌ని ఎదుటివాడు ఎలా పగలగొట్టాడో ఆ సమాచారం ఉండేది ఓడిన గేముల్లోనే, దాన్ని మీ చేత్తో మీరే చెరిపేసినట్టు. తీసేయాల్సినవి వేరే ఉన్నాయి: నాలుగైదు మూవ్‌లకే వదిలేసినవి, టైం అయిపోయి పోగొట్టుకున్నవి. లిచెస్ పీజీఎన్‌లో టెర్మినేషన్ అనే ట్యాగ్ ఉంటుంది, అక్కడ టైం ఫర్‌ఫిట్ అనుంటే ఆ రిజల్ట్‌కి ఓపెనింగ్‌తో సంబంధం ఉందో లేదో ఎవరికి తెలుసు.

మనుషులు తప్పులు చేస్తారు కదా, ఇంజిన్ టోర్నమెంట్ గేములే వాడితే?

బాగానే ఉంటుంది, కానీ ఒక చిక్కుంది. ఇంజిన్ పోటీల్లో మొదటి మూవ్‌లు ఇంజిన్ ఎంచుకున్నవి కావు, నిర్వాహకులు పెట్టిన ఓపెనింగ్స్ అవి, టీసెక్‌లో అయితే కావాలనే ఇరుకున పెట్టే లైన్లు ఇచ్చి రెండు వైపులా ఆడిస్తారు. ఆ గేముల్ని అలాగే లెక్కపెడితే "టాప్ ఇంజిన్లన్నీ ఇదే ఆడుతున్నాయి" అని మీ బుక్ అబద్ధం చెబుతుంది. టీసెక్ పీజీఎన్‌లో, క్యూట్‌చెస్ (ఇంజిన్ల మధ్య గేములు ఆడించే టూల్) రాసిన పీజీఎన్‌లో బుక్ మూవ్ పక్కన కామెంట్‌లో బుక్ అని ఉంటుంది, దాన్ని పట్టుకుని ఆ మూవ్‌లని లెక్కలోంచి తప్పించి తర్వాతవి మాత్రమే తీసుకోండి. కాబట్టి కామెంట్లు తీసేసే క్లీనింగ్ ఈ పని అయ్యాకే చేయాలి, ముందు కాదు.

రెండు మూడు డేటాబేస్‌లు కలిపా, డూప్లికేట్స్ ఎలా తీయాలి?

పీజీఎన్-ఎక్స్‌ట్రాక్ట్ టూల్ ఉంది, ఆ పని అదే చేస్తుంది, స్కిడ్ అనే డేటాబేస్ ప్రోగ్రామ్‌లో కూడా ఉంది. పేర్లని బట్టి పోల్చకండి, ఒకచోట పూర్తి పేరు, ఇంకోచోట ఇంటిపేరు ఒక అక్షరం, ఎప్పటికీ కలవవు. మూవ్‌ల వరసని పోల్చడం మేలు. పదో మూవ్‌కే డ్రా చేసుకున్న గేములు మాత్రం వేర్వేరు మనుషులు అచ్చంగా అలాగే ఆడి ఉంటారు, అవి పోయినా నష్టం లేదు లెండి.

## బుక్ తయారు చేసేటప్పుడు

మ్యాక్స్-ప్లై, మిన్-గేమ్ ఎంత పెట్టాలి?

మ్యాక్స్-ప్లై అంటే గేమ్‌లో ఎన్ని ప్లైల దాకా బుక్‌లోకి తీసుకోవాలి అనేది. ప్లై అంటే ఒకవైపు మూవ్, అంటే 30 ప్లై పెడితే 15 మూవ్‌లు. చాలామంది ఇక్కడ కన్ఫ్యూజ్ అయి సగం లోతు బుక్ చేసుకుంటారు. టెస్టింగ్‌కి 16 దాకా చాలు, ఆడటానికి 24 నుంచి 40. మిన్-గేమ్ అంటే ఆ పొజిషన్‌లో ఆ మూవ్ కనీసం ఎన్నిసార్లు ఆడి ఉండాలి అనేది, లోతుని నిజంగా అదుపు చేసేది ఇదే. పాలీగ్లాట్‌లో డిఫాల్ట్ 3, ఏరికూర్చిన మాస్టర్ గేములకి అది ఓకే, లక్షల ఆన్‌లైన్ గేములకి మాత్రం మరీ తక్కువ, 20 నుంచి మొదలెట్టి పెంచుకుంటూ పోండి.

వెయిట్ ఎలా లెక్కేస్తారు? ఎక్కువ శాతం గెలిచిన మూవ్‌కి తక్కువ వెయిట్ వచ్చిందేంటి?

పాలీగ్లాట్ లెక్క సింపుల్: గెలుపుకి రెండు, డ్రాకి ఒకటి, ఓటమికి సున్నా, అన్నీ కూడేయడమే. ఒక మూవ్ 400 గేముల్లో ఆడారనుకోండి, 150 గెలుపులు, 170 డ్రాలు, వెయిట్ 470. ఇంకోటి 40 గేములే, 24 గెలుపులు, 12 డ్రాలు, వెయిట్ 60. స్కోర్ చూస్తే మొదటిది 59 శాతం, రెండోది 75, కానీ ఇంజిన్ వెయిట్‌ని బట్టి లాటరీ తీస్తుంది కాబట్టి మొదటిదాన్నే వందలో 89 సార్లు ఆడుతుంది. అంటే ఈ వెయిట్‌లో ఉన్నది ముప్పావు వంతు పాపులారిటీయే. ఇంకో సంగతి, వెయిట్‌కి ఉన్నది రెండు బైట్లే కాబట్టి 65535 దాటకూడదు, సొంత కోడ్ రాస్తుంటే ఆ పొజిషన్‌లోని మూవ్‌లన్నిటినీ ఒకే నిష్పత్తిలో తగ్గించి రాయండి, లేకపోతే విలువ చుట్టు తిరిగిపోయి ఎక్కువ ఆడిన మూవే అన్నిటికన్నా తక్కువైపోతుంది.

మూడు గేములు ఆడి మూడూ గెలిచిన మూవ్‌ని నమ్మొచ్చా?

నమ్మొద్దు. అలాగని విసిరేయక్కర్లేదు, మధ్యేమార్గం ఉంది. ప్రతి మూవ్‌కీ సగటు స్కోర్‌తో 30 దొంగ గేములు కలపండి. మాస్టర్ గేముల్లో వైట్ సగటు 54 శాతం దగ్గర ఉంటుంది, కాబట్టి ఆ మూడు గెలుపులకి 16.2 కలిపి 33తో భాగిస్తే 58 శాతం వస్తుంది. అదే 300 గేముల్లో 60 శాతం తెచ్చుకున్న మూవ్‌కి ఇలా చేసినా 59.5 దగ్గరే ఉంటుంది, పెద్దగా కదలదు. ఎవరు ఎవరి మీద ఆడారో కూడా చూడాలి. 200 పాయింట్లు ఎక్కువున్నవాడు ఎలాగూ 76 శాతం తెచ్చుకోవాలి ఎలో (రేటింగ్ పద్ధతి) లెక్క ప్రకారం, వాడికి ఈ మూవ్‌తో 70 వచ్చిందంటే అది గొప్ప మూవ్ కాదు, పాయింట్లు పోగొట్టే మూవ్.

పెద్ద పీజీఎన్ ఇస్తే ర్యామ్ నిండి ప్రోగ్రామ్ ఆగిపోతోంది?

లోతుకి వెళ్ళేకొద్దీ పొజిషన్లలో చాలావరకు ఒకే ఒక్కసారి వచ్చినవే ఉంటాయి, మీ మెమరీ తినేస్తున్నవి అవే, చివరికి మిన్-గేమ్ దగ్గర ఎలాగూ పోయేవి కూడా అవే. తేలికైన దారి, ఫైల్‌ని ముక్కలు చేసి ముందే ప్లై కత్తిరించడం. పక్కా దారి ఏంటంటే కీ, మూవ్, రిజల్ట్ అనే చిన్న రికార్డులని డిస్క్ మీదకి రాసేసి, తర్వాత కీ ప్రకారం ఎక్స్‌టర్నల్ సార్ట్ చేసి, పక్కపక్కన పడ్డవాటిని కూడేయడం. నిదానమే కానీ ఎంత పెద్ద డేటాబేస్ అయినా తట్టుకుంటుంది. ముక్కలకి విడివిడిగా బుక్ చేసి చివర్లో మెర్జ్ చేద్దామనుకుంటే మాత్రం వద్దు, పాలీగ్లాట్ మెర్జ్-బుక్ వెయిట్‌లని కూడదు, ఒకే పొజిషన్ రెండిట్లో ఉంటే మొదటి ఫైల్‌దే ఉంచుతుంది.

## సొంతంగా కోడ్ రాసేవాళ్ళకి

నా కోడ్ లెక్కేసిన కీ బుక్‌లో ఉన్న కీతో కలవట్లేదు, ఎక్కడ తప్పు?

పాలీగ్లాట్ కీ అంటే జోబ్రిస్ట్ హాషే (పొజిషన్‌ని ఒక నంబర్‌గా మార్చే పద్ధతి), 781 ఫిక్స్‌డ్ రాండమ్ నంబర్లు: పావులకి 768, క్యాజిలింగ్‌కి 4, ఆన్ పాసాంకి (రెండు గడులు దూకిన బంటుని పక్కనున్న ఎదుటి బంటు కొట్టే రూల్) 8, వైట్ వంతు అయితే 1. మీ ఇంజిన్ సొంత నంబర్లు కాకుండా ఖచ్చితంగా ఆ టేబులే వాడాలి. మొదటి పొజిషన్ కలిసి తర్వాతవి కలవట్లేదంటే ముందు అనుమానించాల్సింది ఆన్ పాసాం. డి4 నైట్ ఎఫ్6, సి4 ఈ6, నైట్ సి3 అని వచ్చారనుకోండి, అదే పొజిషన్‌కి సి4 నైట్ ఎఫ్6, నైట్ సి3 ఈ6, డి4 అని కూడా రావొచ్చు. రెండో దారిలో చివరి మూవ్ రెండు గడుల బంటు కాబట్టి కొన్ని ప్రోగ్రాములు ఫెన్‌లో (పొజిషన్‌ని ఒక లైన్‌లో రాసే పద్ధతి) డి3 గడి రాస్తాయి, మీరు దాన్ని హాష్‌లో కలిపేస్తే ఒకే పొజిషన్‌కి రెండు కీలు. పాలీగ్లాట్ రూల్: దూకిన బంటు పక్కనే దాన్ని కొట్టగలిగే ఎదుటి బంటు ఉంటేనే దూకిన బంటు ఉన్న ఫైల్ (బోర్డు మీద నిలువు వరస) నంబర్ కలపాలి. ఇక్కడ బ్లాక్ బంటు పక్కన లేదు, కలపకూడదు. అంతా సరిగ్గా ఉండి అసలు ఏదీ కలవట్లేదంటే బైట్ల వరస చూడండి, బుక్ ఫైల్ బిగ్-ఎండియన్ (పెద్ద విలువ బైట్ ముందు).

మిగతా మూవ్‌లన్నీ బానే వస్తున్నాయి, క్యాజిలింగ్ మాత్రం ఇల్లీగల్ మూవ్ అంటోంది?

పాలీగ్లాట్‌లో క్యాజిలింగ్‌ని కింగ్ తన రూక్‌ని కొట్టినట్టు రాస్తారు. యూసీఐలో (ఇంజిన్, జీయూఐ మాట్లాడుకునే పద్ధతి) కింగ్ ఈ1 నుంచి జి1కి వెళ్తాడు, బుక్‌లో మాత్రం ఈ1 నుంచి హెచ్1కి. మూవ్ నంబర్ ఎలా వస్తుందంటే చేరే ఫైల్ (నిలువు వరస), దానికి చేరే అడ్డ వరస ఇంటూ 8, బయలుదేరిన ఫైల్ ఇంటూ 64, బయలుదేరిన అడ్డ వరస ఇంటూ 512, అన్నీ సున్నా నుంచి లెక్క. ఈ2-ఈ4కి 4+24+256+512, మొత్తం 796. వైట్ షార్ట్ క్యాజిల్‌కి 7+256, అంటే 263 రావాలి, మీ ఫైల్‌లో 262 కనిపిస్తే జి1 అని రాశారన్నమాట. చదివేటప్పుడు ఈ1లో ఉన్నది నిజంగా కింగేనా, ఇంకా క్యాజిల్ హక్కు ఉందా అని చూసి మార్చండి, ఎందుకంటే అక్కడ రూక్ ఉంటే ఈ1-హెచ్1 మామూలు మూవే.

పైథాన్‌లో చేయొచ్చా?

చేయొచ్చు, పైథాన్-చెస్ లైబ్రరీలో పాలీగ్లాట్ కీ లెక్కేసే ఫంక్షన్, బుక్ చదివే రీడర్ రెండూ ఉన్నాయి, రాసే రైటర్ మాత్రం లేదు. స్ట్రక్ట్ మాడ్యూల్‌తో పది లైన్లలో మీరే రాసుకోవచ్చు, కీ ప్రకారం సార్ట్ చేయడం మర్చిపోకండి. కోట్ల గేములకైతే పైథాన్ స్పీడ్ సరిపోదు.

## బుక్ అయ్యాక

బుక్ అయిపోగానే ఇంజిన్ ఇబ్బందుల్లో పడుతోంది, ఎందుకు?

లైన్ చివరి పొజిషన్‌ని ఎవరూ చెక్ చేయకపోవడం వల్ల. 14 మూవ్‌లు బుక్ నుంచి సాఫీగా ఆడి, 15వ మూవ్ దగ్గర చూస్తే అప్పటికే చెడిపోయి ఉంటుంది, పాత గేముల్లో ఆ లైన్‌ని పగలగొట్టే దారి ఎవరికీ తెలియదు కాబట్టి స్కోర్ బాగా కనిపిస్తుంది. బుక్‌లో చివరి పొజిషన్లన్నీ తీసి ఒక్కోదానికి ఇంజిన్‌తో కాసేపు ఎవాల్ చేయించండి, ఆ నంబర్లని మినిమాక్స్‌తో (ప్రతి వైపూ తనకి మంచి మూవే ఎంచుకుంటుందని లెక్కేసే పద్ధతి) వెనక్కి మొదటి పొజిషన్ దాకా తీసుకురండి, అప్పుడు ఏ కొమ్మ నరకాలో కనిపిస్తుంది. అన్నీ చేసే ఓపిక లేకపోతే ఎక్కువ వెయిట్ ఉన్న దారులైనా చేయండి, గేముల్లో ఎక్కువగా వచ్చేవి అవే కదా.

చేత్తో మూవ్‌లు పెట్టడం, తీసేయడం చీటింగ్ కాదా?

కాదు, మంచి బుక్‌లన్నీ అలా తయారైనవే. 1997 మే 11న కాస్పరోవ్ మీద ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూ ఆడిన ఆరో గేమ్ చూడండి, కారో-కాన్‌లో కాస్పరోవ్ 7... హెచ్6 ఆడగానే 8. నైట్×ఈ6 అని నైట్‌ని సాక్రిఫైస్ చేసింది, అది మెషీన్ ఆలోచించి కనిపెట్టింది కాదు, బుక్‌లో ఉన్న మూవ్. ఆ బుక్ వెనక జోయెల్ బెంజమిన్ లాంటి గ్రాండ్‌మాస్టర్లు పనిచేశారు. గేమ్ 19 మూవ్‌లకే అయిపోయింది. మీరు చేత్తో ఎడిట్ చేసినవి మాత్రం విడిగా ఒక చిన్న ఫైల్‌లో ఉంచుకోండి, మెర్జ్ చేసేటప్పుడు దాన్ని మొదటి ఫైల్‌గా ఇస్తే మీ మాటే చెల్లుతుంది, డేటాబేస్ నుంచి మళ్ళీ బుక్ చేసినా ఎడిట్‌లు పోవు.

కొత్త బుక్ పాతదానికన్నా బెటరని ఎలా తెలుస్తుంది?

ఒకే ఇంజిన్, ఒకే టైం కంట్రోల్, ఒకరికి పాత బుక్, ఇంకొకరికి కొత్తది, క్యూట్‌చెస్‌లో రంగులు మార్చుకుంటూ ఆడించండి. వంద గేములు ఆడించి 54 వచ్చాయని సంబరపడొద్దు. డ్రాలు సగం దాకా ఉన్నప్పుడు 1000 గేములు ఆడినా అటూ ఇటూ 15 ఎలో తేడా ఉత్త అదృష్టమే కావచ్చు. పైగా రెండు బుక్‌లూ ఇరుగ్గా ఉంటే అవే గేములు రిపీట్ అవుతాయి, 1000 ఆడినట్టు కనిపిస్తుంది కానీ నిజంగా వేర్వేరు గేములు రెండొందలే ఉండొచ్చు, అది లెక్కపెట్టుకోండి.

బుక్ ఫైల్ ఇచ్చినా ఇంజిన్ మొదటి మూవ్ నుంచే ఆలోచిస్తోంది?

ముందు చూడాల్సింది బుక్‌ని వాడేది ఇంజినా, జీయూఐయా అని. ఇంజిన్‌లో ఓన్‌బుక్ (సొంత బుక్ వాడే) ఆప్షన్ ఆన్‌లో ఉండి జీయూఐలోనూ బుక్ పెడితే గందరగోళం, ఒకటే ఉంచండి. ఫార్మాట్ కూడా చూడండి, అరీనాది ఏబీకే, చెస్‌బేస్‌ది సీటీజీ, పాలీగ్లాట్‌ది బిన్, ఎక్స్‌టెన్షన్ మార్చినంత మాత్రాన ఒకటి ఇంకోటి అవ్వదు. బుక్ డెప్త్ సున్నా దగ్గర ఉండిపోయిందేమో కూడా ఒకసారి చూడండి. ఇవన్నీ సరిగ్గా ఉంటే ఫైల్ సైజు 16తో భాగించి చూడండి, శేషం వస్తే ఫైల్ సగంలో తెగిపోయింది, మళ్ళీ రాయించుకోవాల్సిందే.